అద్దం వెనక పదహారు నెలలు

ఫిబ్రవరి 9, ఆదివారం, ఉదయం పదకొండున్నరకు తెనాలిలో ఒక ఇంటి హాల్లో నన్ను షోకేసులో పెట్టి, అద్దం తలుపు మూసి తాళం వేశారు.

నేను ఒక సెంటర్ స్పీకర్ని. హోం థియేటర్ సెట్టులో ఆరు పెట్టెలుంటాయి. నాలుగు చిన్నవి గదికి నాలుగు వైపులా ఉంటాయి. పెద్దదాన్ని సబ్ వూఫర్ అంటారు, దాని పని దబదబలాడించడం. ఆరోదాన్ని నేను. సినిమాలో మనుషులు మాట్లాడుకునే మాటల్లో ఎక్కువ భాగం నాకే వస్తుంది. నన్ను టీవీ కింద, మనుషులు కూర్చునే వైపు తిప్పి పెట్టాలి. అట్టపెట్టె మీద బొమ్మ వేసి మరీ చూపించారు. ఆ అట్టపెట్టెను విప్పిన రోజే అటక మీద పడేశారు.

నేను చవక సరుకును. కాగితం కోన్, ఒక అయస్కాంతం, కొంత రాగి తీగ, అంతే. చవకగా చేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల షెడ్డులో చివరి బల్ల దగ్గర ధనకోటి అనే ఆమె కూర్చునేది. ప్రతి స్పీకరులోనూ మనిషి గొంతు పెట్టి వినేది. ఎవరో వారాల పేర్లు చదివిన రికార్డు అది. బుధవారం దగ్గర గరగర వస్తే ఆ స్పీకరును పక్కన పడేసేది. నన్ను పడేయలేదు. నన్ను సరిగ్గా పరీక్షించిన మొదటి మనిషి ఆమె. రెండో మనిషి రావడానికి చాలాకాలం పట్టింది.

నన్ను కొన్నవాడు ఫణిభూషణం. మున్సిపాలిటీ నీటి సరఫరా విభాగంలో గుమాస్తా. కొట్టులో అతను చేసిన పరీక్షలు మూడు. అట్టపెట్టె మీద వాట్ల అంకె చదివాడు. ఆ అంకె నిజమైతే వీధి మొత్తానికి కరెంటు పోవాలి. తర్వాత సబ్ వూఫర్‌ను రెండు చేతులతో ఎత్తి, బరువుంది కాబట్టి మంచిదేనన్నాడు. చివరికి కొట్టువాడు డప్పుల పాట పెట్టి, సబ్ వూఫర్ మీద గ్లాసుతో నీళ్లు ఉంచాడు. నీళ్లు తొణికాయి. ఫణిభూషణం డబ్బు కట్టాడు. ఆ పాటలో ఒక్క మనిషీ మాట్లాడలేదు. నన్ను ఎవరూ వినలేదు.

ఇంట్లో బరువు నైరుతిలో ఉండాలని సబ్ వూఫర్‌ను నైరుతి మూలకు తోశాడు. రెండు గోడల మధ్య అది ఇంకా మోగింది. దుమ్ము పడుతుందని నన్ను షోకేసులో, గాజు పెళ్లికూతురి బొమ్మకూ ఉత్తమ ఉద్యోగి షీల్డుకూ మధ్య పెట్టాడు. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కొత్త వస్తువు కొత్తగానే ఉండాలట. వెనక చిన్న కన్నంలోంచి తీగ లాగి, తాళం వేశాడు.

అతని భార్య సువర్చల. వయసు ముప్పై ఎనిమిది. ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి పదేళ్లుగా చెబుతోంది. ఆమె తల్లికి నలభై ఏళ్లకే చెవులు పోయాయి. తనకూ అలాగే అవుతుందన్న భయం ఆమెకు ముందునుంచే ఉంది.

సినిమా పెట్టినప్పుడు పాటలు, ఫైట్లు గది నిండా వచ్చేవి. మాటలు నా ప్లాస్టిక్కూ అద్దమూ దాటి సగం వెళ్లేవి, ఆ సగాన్ని నైరుతి మూల తినేసేది. ఆమె ఏమన్నాడండీ అని అడిగేది. అతను చెప్పేవాడు. మళ్లీ అడిగేది. మూడోసారికి విసుక్కునేవాడు. వేసవి వచ్చేసరికి బంధువుల ముందు నవ్వుతూ, మా ఇంట్లో టీవీ నేను చూస్తాను, ఆవిడకు నేను వినిపిస్తాను అనేవాడు. వాళ్లూ నవ్వేవారు. నేను అద్దం వెనక ఉన్నాను. వచ్చిన ప్రతి మాటా పూర్తిగానే పలికాను.

క్రమంగా ఆమె స్కూల్లో కూడా తనను తాను అనుమానించుకుంది. ఒక పిల్ల లోగొంతుతో పాఠం చదివితే, తప్పు పిల్లదా తన చెవులదా అని తేల్చుకోలేకపోయేది. ఆ సంగతి ఫోన్లో చెల్లెలికి చెప్పి ఏడ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లమంటే, కాగితం మీద రాసిస్తే ఇక నిజమైపోతుందని అంది. ఆ మరుసటి ఏడు ఏప్రిల్ 22న, జూన్ నుంచి రాలేనని స్కూలు నడిపే కరస్పాండెంటుకు ఉత్తరం ఇచ్చింది. కారణం వినికిడి అని రాసింది. ఫణిభూషణం ఆ ఉత్తరం చదివాడు. చెవి పరీక్షకు తీసుకెళ్లలేదు. కొత్త సెట్టు కొంటానన్నాడు.

"ఈసారి పెద్దది తెద్దాం. అప్పుడు నీక్కూడా వినపడుద్ది."

కొనేముందు ఒకసారి చూసి చెప్పమని మస్తాన్ వలిని పిలిచాడు. వలి పెళ్లిళ్లకూ సభలకూ మైకుసెట్లు కట్టే మనిషి. జూన్ 14, ఆదివారం, పది గంటలకు వచ్చాడు. పాతదానికి ఏమైందని అడిగాడు. బేస్ చాలట్లేదని, మాట తేలట్లేదని ఫణిభూషణం చెప్పాడు. డప్పుల పాట పెట్టబోతే వలి వద్దన్నాడు.

"పాట ఎందులోనైనా బాగానే ఉంటది సార్. ఇద్దరు మాట్లాడుకునేది పెట్టండి. సౌండు తగ్గించండి."

సువర్చల రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని విన్నాడు. లేచి ఒక్కో స్పీకరుకూ చెవి పెట్టాడు. ఐదు అయ్యాయి. ఆరోదెక్కడని అడిగాడు. ఫణిభూషణం షోకేసు చూపించాడు.

"దీన్ని జైల్లో పెట్టారేంది సార్?"

"దుమ్ము పడుద్దని."

తాళంచెవి కోసం పది నిమిషాలు వెతికారు. వలి నన్ను బయటికి తీసి, కవరు చింపి, టీవీ కింద పెట్టాడు. సబ్ వూఫర్‌ను మూలలోంచి ముందుకు లాగాడు. సువర్చల వంటింట్లో ఉంది. టీవీలో ఒక ముసలామె, అన్నం చల్లారిపోతోంది లేవరా అని కొడుకును పిలిచింది. గట్టిగా కాదు. సువర్చల చేతికి పిండి అంటి ఉండగానే గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట మళ్లీ పెట్టమంది. వలి పెట్టాడు.

"అన్నం చల్లారిపోతోందంటోంది," అంది ఆమె. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఇన్నాళ్లూ మీకెట్టా వినపడింది?"

"నేనవన్నీ సినిమా హాల్లో చూసొచ్చానుగా."

"నన్నొదిలేసి చూసొచ్చి, ఇంట్లో నన్ను చెవిటిదన్నారా?"

అతను రిమోట్‌లో బ్యాటరీలు సరిచేశాడు. వలి కిందికి చూస్తూ, మీ చెవులకేం కాలేదు టీచరమ్మా, అని మాత్రం అన్నాడు.

సోమవారం ఆమె ఒక్కతే గుంటూరు వెళ్లి చెవి పరీక్ష చేయించుకుంది. రెండు చెవులూ బాగున్నాయని రాసిచ్చారు. మంగళవారం ఆ కాగితంతో స్కూలుకు వెళ్లింది. జూన్ 12నే వేరే టీచరు చేరిందని, ఖాళీ వస్తే కబురు చేస్తామని కరస్పాండెంటు చెప్పింది.

శనివారం ఫణిభూషణం కొత్త సెట్టు కొన్నాడు. వలి ఇంత చెప్పాక కూడా కొన్నాడు. ఈసారి కొట్టులో రెండు గ్లాసులు పెట్టించాడు. కొత్త సెంటర్ స్పీకరును షోకేసు దగ్గరికి పట్టుకెళ్తుంటే సువర్చల దారికి అడ్డం నిలబడింది. అతను దాన్ని టీవీ కింద పెట్టాడు. కవరు ఆమే చింపింది.

పాత సెట్టును వలికి ఇచ్చేశారు. వలి నన్ను ఒక్కదాన్నే విడదీసి ఉంచుకున్నాడు. సభల్లో వేదిక మీద కూర్చున్నవాళ్లకు మాట వినిపించడానికి, వాళ్ల బల్ల కింద పెడతాడు.

ఆగస్టు 15 ఉదయం ఎనిమిదిన్నరకు సువర్చల పదేళ్లు పనిచేసిన స్కూల్లో వలి మైకు కట్టి, నన్ను వేదిక బల్ల కింద పెట్టాడు. జెండా ఎగరేశాక కరస్పాండెంటు ఆ ఏటి టీచర్ల పేర్లు చదివింది. పదకొండు పేర్లు. ఏ అక్షరం దగ్గరా గరగర రాలేదు. వాటిలో సువర్చల పేరు లేదు.