అతిథులొస్తున్నారని ఊడ్చిన అడవి

మా ఆయన లోవ్రో పేర్చిన కట్టెల వరస చూడటానికి జనం కారాపుకుని దిగేవారు. గొప్పకి చెప్పడం లేదు, విసుగుతోనే చెబుతున్నాను. కట్టెలన్నీ ఒకే పొడుగు, కోసిన ముఖాలన్నీ ఒకే వైపు. చలికాలంలో పొయ్యిలోకి ఒక కట్టె కావాలన్నా ఆయన చెప్పిన చివర నుంచే తీయాలి. నా ఇష్టమొచ్చిన చోట లాగానంటే ఆ పూట భోజనం దగ్గర మాటలుండవు.

అలాంటి మనిషి తన అడవిలో ఒక మూల పడిన చెట్లను పడినట్టే వదిలేస్తే ఊరు ఊరుకుంటుందా?

కొన్నేళ్ల కిందటి ఆ ఫిబ్రవరిని మా దగ్గర ఎవరూ మరిచిపోలేదు. కురిసిన వాన కురిసినట్టే కొమ్మల మీద గడ్డకట్టింది. ఆ బరువుకి మా కొండంతా ఫర్ చెట్లూ బీచ్ చెట్లూ విరిగి పడుతుంటే ఇంట్లో కూర్చుని చప్పుడు వింటూ ఉన్నాం. మంచు కరగగానే ఊళ్లో మగవాళ్లందరూ రంపాలూ ట్రాక్టర్లూ తీసుకుని అడవులు శుభ్రం చేసుకోవడానికి బయల్దేరారు. లోవ్రో కూడా బయల్దేరేవాడే. సరిగ్గా అప్పుడే రాజధాని లుబ్లియానా నుంచి బ్రీనా వచ్చింది. అడవుల మీద పరిశోధన చేసే మనిషి. మోకాళ్ల దాకా బురద, చేతిలో కొలత టేపు, ముక్కు చలికి టమాటాలా ఉంది.

"ఒక్క మూల నాకు వదిలేయండి బాబాయ్. పడిన చెట్లు పడినట్టే ఉండాలి," అంది.

"చెట్టు పడితే తీయాలమ్మాయ్. తీయకపోతే సోమరిపోతు అడవంటారు," అన్నాడు లోవ్రో.

"తీసినవాళ్ల అడవులు నాకు బోలెడున్నాయి. తీయకుండా వదిలిందే ఒక్కటీ దొరకడం లేదు."

లోపలికి పిలిచి పుల్లటి ముల్లంగి సూప్ పోశాను. తింటూ అంతా చెప్పింది. చెట్టు నిలబడి ఉన్నంతకాలం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని మింగి, అందులోని కార్బన్‌ని కలపగా దాచుకుంటుందట. పడ్డాక కుళ్లుతూ కొంత గాలికి వదిలేస్తుంది, కొంత మట్టికి ఇస్తుంది. ఎంత గాలికి, ఎంత మట్టికి, ఎన్నేళ్లకి? కోసి దూలం చేస్తే మేలా, అడవిలోనే ఉంచితే మేలా? యూరప్ అంతా దీని మీద అరుచుకుంటున్నారట. "నాకు అరుపులొద్దు పిన్నీ, కొలతలు కావాలి," అంది.

లోవ్రో ఒప్పుకున్నాడు. ఆ కార్బన్ సంగతి ఆయన బుర్రకి ఎంత ఎక్కిందో నాకు తెలీదు గానీ, ఆ 'బాబాయ్' మాత్రం బాగా ఎక్కింది.

అప్పట్నుంచి ప్రతి అక్టోబరులో వచ్చేది. పెద్ద దుంగలకి రేకు బిళ్లలు కొట్టి, "బిళ్ల ఉన్నవాటిని మాత్రం ముట్టుకోకండి," అని చెప్పింది. పగలంతా ఆ మూల కొలుచుకునేది, సాయంత్రం మా పై గదిలో పడుకునేది. లోవ్రో పోసిన పియర్ సారా మొహం చిట్లించుకుంటూ తాగేది. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో పండగే. మాకు పిల్లల్లేరు. అందుకని కాదు, ఆ పిల్ల నవ్వు అలాంటిది.

మిగతా రోజుల్లో లోవ్రో పరువు తీయడానికి పక్కింటి యోష్కో ఒక్కడు చాలు.

"ఏం లోవ్రో, చేతులు పడిపోయాయా? నా ట్రాక్టరు పంపనా?" అనేవాడు, సారాకొట్లో అందరూ వినేలా.

"అది పరిశోధన."

"మా అల్లుడు కూడా మధ్యాహ్నం దాకా మంచం మీదే పడి ఉంటాడు. వాడిది కూడా పరిశోధనే కాబోలు, మేమే అర్థం చేసుకోలేదు."

లోవ్రో ఇంటికొచ్చి కట్టెల వరసని ఇంకోసారి సర్దేవాడు.

పోయిన సెప్టెంబరులో బ్రీనా ఫోన్ చేసింది. ఫిన్లాండ్ నుంచీ స్పెయిన్ నుంచీ పెద్ద పరిశోధకులు వస్తున్నారు. ఆమె కొలుస్తున్న అడవులన్నీ తిరిగి చూసి, వేటిని కొనసాగించాలో, వేటిని ఆపేయాలో వాళ్లే తేలుస్తారు. "మీ మూలే నాకు ముఖ్యం బాబాయ్. అదొక్కటే ఎవరి చెయ్యీ పడనిది. అది నిలబడితే నా పనంతా నిలబడినట్టే," అంది.

ఇంత చెబితే మా ఆయన చెవిన పడింది ఒక్కటే. అతిథులొస్తున్నారు.

నేను కిటికీలు తుడిచాను, పరదాలు ఉతికాను, వాల్‌నట్ పప్పు నూరి పొటిత్సా రొట్టె చుట్టాను. ఆయన పొద్దున్నే ట్రాక్టరేసుకుని పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఎక్కడికని అడగలేదు. కాళ్లకి అడ్డం పడకుండా ఉంటే చాలనుకున్నాను.

బ్రీనా వాళ్లని తీసుకొచ్చిన రోజు లోవ్రో ఆదివారం కోటేసుకుని, టోపీ పెట్టుకుని ముందు నడిచాడు. మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. నేను వెనకాల రొట్టె బుట్టతో వెళ్తున్నాను. అడవి మలుపు తిరిగేసరికి నా కాళ్లు ఆగిపోయాయి.

మూలంతా ఊడ్చేసి ఉంది. బిళ్లలున్న దుంగలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి మీద ఎండుటాకు కూడా లేదు. విరిగిన కొమ్మల్లేవు, పుచ్చిన మొద్దుల్లేవు, తల తెగి ఎండిపోయి నిలబడ్డ బీచ్ చెట్టు మోడు కూడా లేదు. అవన్నీ రెండు చెట్ల మధ్య, ఒకే పొడుగున, కోసిన ముఖాలు మా వైపు తిప్పుకుని పేర్చి ఉన్నాయి. ఆయన జన్మలో అంత అందమైన వరస పేర్చలేదు.

ఫిన్లాండాయన ముచ్చటపడి ఫోటో తీసుకున్నాడు. బ్రీనా మాత్రం అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి వాళ్లతో ఇంగ్లీషులో నెమ్మదిగా ఏదో చెప్పింది. ఫోటో తీసినాయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏమంటోంది?" అని లోవ్రో నన్నడిగాడు. నాకేం తెలుసు?

బ్రీనా ఆయన వైపు తిరిగింది. "ఈ ఏడాది నుంచి ఈ మూల లెక్కలోకి రాదని చెప్పాను బాబాయ్."

"బిళ్లలున్నవి ముట్టుకోలేదమ్మాయ్. ఒక్కటి కూడా."

"తెలుసు. కానీ నేను కొలిచేది దుంగల్ని మాత్రమే కాదు. కొమ్మలూ, పుచ్చులూ, ఆ మోడూ, కింద ఆకులూ... వేలంత లావున్న ప్రతీదీ. అన్నీ కలిస్తేనే లెక్క."

"అది చెత్తనుకున్నాను," అన్నాడు లోవ్రో. "మనుషులొస్తున్నారు కదా అని..."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. "మీరు సరిగా చెప్పించుకోలేదు, నేను సరిగా చెప్పలేదు," అని ఆయన చెయ్యి పట్టుకుని, నా రొట్టె ముక్క తీసుకుని తింది. వాళ్లు బండెక్కి ఇంకో అడవికి పోయారు. పై గదిలో వేసిన దుప్పటి నలగనే లేదు.

మర్నాడు లోవ్రో కనబడకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. ఆ వరస సగం విప్పేసి, కొమ్మల్ని మళ్లీ నేల మీద పడేస్తున్నాడు. పడేయడం కాదు, పెడుతున్నాడు. ఒక కొమ్మ పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసి, మళ్లీ వెళ్లి జరుపుతున్నాడు. తోటలో మడులు కట్టినట్టు అన్నీ ఒకే దిక్కుకి ఉన్నాయి. చిందరవందరగా పడేయడం ఆ మనిషికి చేతకాదు.

"వదిలేయ్ లోవ్రో. అవి పోయాయి," అన్నాను.

"ఇంక రాదు కదా," అన్నాడు. కొమ్మల గురించి కాదని నాకు తెలుసు. జాలేసింది. అంతలోనే, ఇంత చెట్టంత మనిషికి ఈపాటి తెలివి లేకపోయిందే అని ఒళ్లు మండింది కూడా. చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను.

డిసెంబరులో పెద్ద గాలి వీచింది. పొద్దున పాలు కాస్తున్నాను. నేల అదిరింది. మా ఇంటికి దిగువన, చర్చికి పోయే దారి పక్కన, మా పచ్చికలో నిలబడి ఉండే ఫర్ చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. లోవ్రో తాతగారి నాటి చెట్టది. మా గడ్డి ఆరబెట్టే చెక్కపందిరి కుంగిపోతోందని నేనెప్పుడు సణిగినా, ఆ చెట్టునే చూపించి, "దూలాలు అక్కడ నిలబడి ఉన్నాయిగా," అనేవాడు.

గాలి తగ్గగానే మా దగ్గర అలవాటు ప్రకారం మగవాళ్లొచ్చేశారు. యోష్కో రంపం భుజానేసుకుని అందరికంటే ముందున్నాడు. మాటలెలా ఉన్నా సాయానికి ముందుండే మనిషే. నేను సారా గ్లాసులు సర్దుతున్నాను.

"ముట్టుకోకండి," అన్నాడు లోవ్రో.

"ఏంటి?" అన్నాడు యోష్కో.

"ఆ చెట్టు అలాగే ఉంటుంది. కొమ్మా రెమ్మా ఏదీ తీయొద్దు."

"దారి పక్కనరా! ప్రతి ఆదివారం ఊరంతా నీ చెత్త చూసుకుంటూ చర్చికి పోవాలా?"

"పోండి."

లోవ్రో మొహం ఎర్రగా కందిపోయింది. అడవి మూలలో చెత్త ఉండటం వేరు, అక్కడ ఎవరికీ కనబడదు. ఇది ఇంటి ముందు. ఆయనకది చొక్కా లేకుండా వీధిలో నిలబడటమే. నాకేమో నా దూలాలు గుర్తొచ్చాయి. "మరి నా పందిరో?" అని అడగబోయాను. ఆయన మొహం చూసి మానుకున్నాను. గ్లాసుల్లో సారా పోశాను.

ఆ సాయంత్రం ఆయనే బ్రీనాకి ఫోన్ చేశాడు. "ఇవాళ పొద్దున పాలు కాచే వేళకి పడింది. ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా," అన్నాడు.

రెండు రోజుల్లో వచ్చేసింది. మంచులో చెట్టు చుట్టూ తిరిగి, వేళ్ల కింది మట్టిని డబ్బాలకెత్తుకుని, లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. "పడిన రోజు నుంచీ కొలిచే చెట్టు నాకెప్పుడూ దొరకలేదు బాబాయ్. ఎప్పుడూ ఆలస్యంగానే చేరతాం," అంది. "అడవి మూల తిరిగి రాదు. అది పోయినట్టే. దీని కోసం మాత్రం నేను వస్తాను. కానీ పదేళ్లయితే గానీ ఇదేమీ చెప్పదు."

"నాకు డెబ్బై నాలుగు," అన్నాడు లోవ్రో.

"తెలుసు."

లోవ్రో నా వైపు చూశాడు, సెలవడుగుతున్నట్టు. "అయితే ఎనభై నాలుగు దాకా ఆగాలన్నమాట."

"ఆగు," అన్నాను. "పందిరి మాత్రం ఆగదు, యోష్కోని అడిగి ఏదో ఒక దూలం తెచ్చుకో."

ఆ రాత్రి పై గదిలో దీపం వెలిగింది. చూసి ఏడ్చాను. ఎందుకు దాచాలి?

ఇప్పుడు వసంతమొచ్చింది. చెట్టు సూదుల్లాంటి ఆకులు రాల్చి ఎర్రగా మారింది, బెరడు లేస్తోంది, పచ్చికంతా పుల్లలు. లోవ్రో ప్రతి ఆదివారం చర్చి వేళకి దాని పక్కనే జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడతాడు. చేతులు బయటుంటే ఊరుకోవని ఆయనకే భయం.

మొన్న ఆదివారం యోష్కో ప్రార్థన నుంచి వస్తూ ఆగాడు. ఏమనుకున్నాడో, మిత్రుడి పరువు కాస్తయినా కాపాడదామనుకున్నాడేమో, వంగి ఒక కొమ్మ ఎత్తి కంచె వెనక్కి పడేయబోయాడు.

"ఎక్కడ తీశావో అక్కడే పెట్టు," అన్నాడు లోవ్రో.

యోష్కో నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. కొమ్మని కింద పెట్టాడు.

"అలా కాదు. లావు వైపు దారికేసి ఉండాలి."

యోష్కో గొణుక్కుంటూ కొమ్మని తిప్పి పెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు బాగుందా?"

లోవ్రో చాలాసేపు చూశాడు. జేబుల్లో చేతులు కదలడం నాకు కనబడుతూనే ఉంది.

"బాగాలేదు," అన్నాడు. "అలాగే ఉండనీ."