పాలతల్లికి ఇంగ్లిషు మాట

హలీమాబీ కడుపులో గడ్డ ఉందని, ఆలస్యం చేస్తే చెయ్యి దాటిపోతుందని జగిత్యాల డాక్టరు చెప్పాడు. ఆమె మాత్రం ఆస్పత్రి మంచం మీద కూర్చుని మొండికేసింది.

"ప్రభాకర్ అచ్చినంకనే కొయ్యుండ్రి. వాని మొఖం సూడకుంట నేను లోపలికి పోను."

ప్రభాకర్ మా ఆయన. దోహాలో ఒక కంపెనీలో వెల్డింగ్ పని. హలీమాబీది కోరుట్లలో మా పక్కిల్లు. మా అత్త నర్సవ్వా ఆమే ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళట. మా ఆయన పుట్టిన నెలలోనే మా అత్త జ్వరంతో పోయింది. అప్పటికి హలీమాబీ ఒళ్ళో కూతురు షాజియా పాలు తాగుతోంది. గోడ అవతల పసివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె వచ్చి ఎత్తుకుని రొమ్ముకు పట్టింది. పాలు మరిచేదాకా ఇద్దరినీ అలాగే సాకింది. రాత్రయితే పిల్లాడు మళ్ళీ వాళ్ళ నాన్న పక్కకే వచ్చేవాడు.

వాళ్ళ ముస్లిములలో పాలు తాగినవాడు కొడుకే. ముద్దుకు కలుపుకునే వరస కాదు, లెక్కలో ఉండే వరస. బయటి మగవాళ్ళు వస్తే చున్నీ సర్దుకునే హలీమాబీ మా ఆయన వస్తే సర్దుకోదు. షాజియాను సిరిసిల్లకు ఇచ్చినప్పుడు పెళ్ళికూతురి తమ్ముడిగా అన్నీ చూసుకున్నది ఈయనే. నాకు ఇద్దరు అత్తలని కాపురానికి వచ్చాక తెలిసింది. ఒకామె ఫోటోలో ఉంది, ఒకామె నా కూరలో ఉప్పు చూస్తుంది.

కంపెనీలో ఉన్నపళంగా సెలవు కావాలంటే తల్లో తండ్రో, భార్యో పిల్లలో అయి ఉండాలి. మా ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, సెలవు అడుగుతూ "ఆంటీకి సీరియస్" అని రాశాడు. మన దగ్గర బస్సులో పక్క సీటామె కూడా ఆంటీయే కదా! కుదరదన్నారు.

"పెద్ద మేనేజర్‌కు ఇంకొక్కసారి అర్జీ పెట్టుకొమ్మన్నరు కవితా" అన్నాడు ఫోన్లో. "ఈసారి కూడ కాదంటే ఇగ అడగరాదు."

నాకు ఒళ్ళు మండింది. కానీ తిట్టడానికి కూడా టైము లేదు. ఆస్పత్రి నుంచి ఆటో ఎక్కి అతియా దగ్గరికి పోయాను. అతియా హలీమాబీ తమ్ముడి కూతురు. జగిత్యాలలోనే డిగ్రీ కాలేజీలో ఇంగ్లిషు చెబుతుంది.

"మదర్ అని రాసెయ్ అతియా, పనైపోతది" అన్నాను చెప్పులు విప్పకముందే.

"పాస్‌పోర్టుల తల్లి పేరు నర్సవ్వ అనే ఉన్నది గద భాభీ. ఆమె లేదని గూడ కంపెనీకి ఎరికే. అబద్ధమని దొరికితే భయ్యా నౌకరి పోతది."

"మరి ఏమని రాస్తవ్?"

అతియా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఫాస్టర్ మదర్ అని కొట్టింది, చూసింది, చెరిపేసింది.

"ఏమాయె? బాగనే ఉన్నది గద!"

"అంటే ఇంట్ల ఉంచుకొని పెంచిన తల్లి అనుకుంటరు. భయ్యాను పెంచింది మీ మామ. రేపు ఎవరన్న అడిగితే భయ్యా తడబడుతడు."

వెట్ నర్స్ అనే మాట కూడా ఉందట. పాలిచ్చే మనిషే, కానీ జీతం తీసుకుని ఇచ్చే మనిషి. అది వినగానే నేను లేచి నిలబడ్డాను. "హలీమా అమ్మీ జీతం తీసుకున్నదా? ఆ మాట రాస్తే మాత్రం నీతోని మాట్లాడ" అన్నాను. రాయనులే కూర్చోమంది అతియా నవ్వుతూ. గాడ్ మదర్ అనే మాట చర్చి వాళ్ళదట. అదీ తీసేసింది. అక్కడ మనిషి ప్రాణం మీదికొస్తే ఈమె బజారులో చీరలు చూసినట్టు మాటలు తిరగేస్తోందేమిటని విసుక్కున్నాను. కానీ చూస్తూ చూస్తూ నా విసుగు తగ్గిపోయింది. ఒక్క మాట కూడా దగ్గర్లో ఉంది కదా అని సర్దుకోలేదు ఆ పిల్ల. మా ఇంటి సంగతిని అంత మర్యాదగా పట్టుకున్నవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు.

చివరికి హలీమాబీకే ఫోన్ చేసింది. "ఫుప్పూ, ప్రభాకర్ భయ్యా నీకు ఏమైతడు?"

"గిదేం అడుగుడే? నా దూద్ కొడుకు, నా పాలు తాగినోడు!" అని అటునుంచి కసిరింది హలీమాబీ.

అతియా ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "భాభీ, గా మేనేజర్ ఎవరు? ఇంగ్లిషాయనా?"

"కాదు. అరబ్బు. పెద్దమనిషట."

అతియా లావుపాటి డిక్షనరీ తీసి వెతికింది. ఉంది. ఒక మూల చిన్నగా ఉంది. 'ఆమె నా మిల్క్ మదర్' అని ఇంగ్లిషులో ఒకే వాక్యం రాసి, కింద ఆపరేషన్ సంగతి చేర్చింది. అంతే. వివరణ లేదు, బతిమాలడం లేదు.

"మిల్క్ మదర్ ఏందే! పాల ప్యాకెట్ లెక్క ఉన్నది" అన్నాను.

"మనకు గట్ల వినిపిస్తది భాభీ. చదివేటాయనకు ఈ వరస ఎరికే, గట్ల వినిపియ్యది."

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. మేనేజరు లోపలికి పిలిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, పాలు పంచుకున్నది ఎవరని అడిగాడట. షాజియా అక్క అన్నాడట. ఆమె తల్లి పేరేమిటని అడిగితే హలీమా అన్నాడట. ఆ పేరు వినగానే పెద్దాయన ముఖమే మారిపోయిందట. వాళ్ళ ప్రవక్తకు పాలిచ్చిన తల్లి పేరు కూడా హలీమాయేనని అతియా తర్వాత చెప్పింది.

సెలవు కాగితం ఫోటో వచ్చింది. అతియా రాసిన మాటలో మిల్క్‌ను మేనేజరు పెన్నుతో కొట్టేశాడు. మదర్ ఒక్కటే ఉంచి, పక్కన సంతకం పెట్టాడు.

ఫోన్ పట్టుకుని అతియా దగ్గరికి పరుగెత్తాను. "సూసినవా? మదర్ అని రాయుమని నేను ముందే చెప్పలే!"

అతియా ఆ ఫోటోను చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"మనం రాస్తే అబద్ధం అవుతుండె భాభీ. ఆయన రాసిండు, నిజమైంది."

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన విమానం దిగి బ్యాగుతోనే ఆస్పత్రికి వచ్చాడు. హలీమాబీ అతని తల నిమిరింది. చిక్కిపోయావని తిట్టింది. అక్కడ సరిగ్గా వండి పెట్టేవాళ్ళు లేరా అని నావైపు కోపంగా చూసింది, దోహాలో వంట నేనే చేస్తున్నట్టు! తర్వాత చేతి గాజులు తీసి నా చేతిలో పెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సును పిలిచింది.

"ఇగ కొయ్యుమను బిడ్డా."