సింహాల తరుగు

...తరుగు అంటే ఏంటమ్మా అంటాడేంటి ఈయన, ఉంగరాల చేత్తో నా కొటేషన్ తిరగేస్తూ, ఆ ఉంగరాలు కొన్నప్పుడు నగల కొట్లో తరుగు కట్టలేదా, అక్కడ కిక్కురుమనకుండా ఇచ్చేసి ఫైబర్ సింహం దగ్గరికొచ్చేసరికి ఏంటమ్మా, ఏసీ గదిలో కూర్చుంటే ఏం తెలుస్తుంది, రహమత్ నగర్ వచ్చి మా రేకుల షెడ్డులో నిలబడితే తెలుస్తుంది, రెజిన్ గడ్డకట్టేలోగా అచ్చుకి పూసెయ్యాలి, గడ్డకట్టిందా డబ్బాతో సహా పారెయ్యాలి, అచ్చులోంచి తీసేటప్పుడు చెవి విరిగిందా ఆ సింహం మళ్ళీ మొదటికొస్తుంది, అదేనండీ తరుగు అని చెప్పాను, అండీ అనే అన్నాను, ఫిల్మ్‌నగర్‌లో ఈ బల్లకి ఇవతల కూర్చుంటే నోటికి ఇంకో మాట రాదు, కమలాకర్ గారు ప్రొడక్షన్ మేనేజరు, ఆయన ఊ అంటే దర్బారు సెట్టులో సింహాలన్నీ మావి, ఊహూ అంటే అచ్చు మూలన పడుంటుంది, ఆయన నవ్వాడు, క్లైమాక్సులో పేల్చేసే సింహాలు కరుణగారూ, వాటికి తరుగొకటా అని పెన్ను పెట్టి ఆ వరుస కొట్టేశాడు.

పోతే పోనీ, దాని కింద వరుస ముట్టుకోకపోతే చాలు ప్రభువా, గ్రైండింగ్ మనిషి కూలి, దుమ్ము లాగే ఫ్యాను, వాటి కోసమే కదా నేనొచ్చింది, అచ్చులోంచి తీసిన సింహానికి అంచులన్నీ గరుకు, మిషను పెట్టి అరగదీయాలి, అరగదీస్తే గాజునార పొడి లేస్తుంది, కంటికి కనపడదు, మా ఆయన రాబర్ట్ ఎక్స్‌రేలో కనపడింది, ఇంక ఆ దుమ్ములోకి వెళ్ళావంటే నా దగ్గరికి రాకు అన్నాడు డాక్టరు, రాబర్ట్ తలూపి వచ్చి మర్నాడే మిషను పట్టుకున్నాడు, ఇంటి ఓనరు ఎల్లమ్మ కూడా అంది, మీ ఆయనకు జర చెప్పరాదె కరుణమ్మా, మూతికి బట్టన్న కట్టుకొమ్మను, గా దుమ్ముల ఎట్ల బతుకుతడు అని, చెప్తే వింటాడా, మెట్లెక్కలేక మధ్యలో ఆగి ఫోను చెవిన పెట్టుకుంటాడు, ఎవరో మాట్లాడుతున్నట్టు, ఆయాసం నాకు తెలియకూడదట, ఇవాళ పొద్దున కూడా అలాగే ఆగాడు, చూసి ఏడవాలో తిట్టాలో తెలియలేదు, నాకు కోపమే వస్తుంది, ఏడుపు కన్నా అదే నయం.

ఇదివరకు రేట్లు రాబర్టే చెప్పేవాడు, బొమ్మ చుట్టూ ఓసారి తిరిగి అందాజుగా ఇంత అనేవాడు, చిన్న వ్యాపారాల లెక్కలు నేర్పే మోతీనగర్ క్లాసులో సోఫియా మేడం మాకు మొదట చెప్పింది అదే, అందాజు వద్దమ్మా, సరుకు రాయండి, కూలి రాయండి, అద్దె, కరెంటు, తరుగు, ఆ పైన లాభం, మీరు చేసే పనికి మీకూ కూలి వేసుకోండి, వేసుకోకపోతే అది ధర కాదు, దానం, ఇంటికొచ్చి చెప్తే రాబర్ట్ పగలబడి నవ్వాడు, నాకు నేనే కూలిచ్చుకోవాలా, ఏ జేబులోంచి తీసి ఏ జేబులో పెట్టుకోవాలే అని, నవ్వు దగ్గులోకి తిరిగింది, మంచినీళ్ళిచ్చాను, ఆ రాత్రే ఈ గ్రైండింగ్ కూలి వరుస రాశాను.

కమలాకర్ గారు దాన్నీ కొట్టేశాడు, పెన్ను ఆగనైనా లేదు, గ్రైండింగ్‌కి వేరే మనిషెందుకమ్మా, ఇంతకన్నా తక్కువకి చేస్తామన్నవాళ్ళున్నారు అన్నాడు, నాకు ఒళ్ళు మండింది, అండీ గిండీ గాలికి పోయింది, ఎవరు, ఎవరా చేసేది, పేరు చెప్పండి, గ్రైండింగ్ లేకుండా సింహం ఎలా చేస్తాడో నేనూ చూస్తాను అన్నాను, ఆయన వింతగా చూశాడు, మీవారేనమ్మా, పొద్దునే ఫోన్ చేశారు, మా ఆవిడ క్లాసులకెళ్ళి ఏవో లెక్కలు నేర్చుకొచ్చింది, పట్టించుకోకండి సార్, గ్రైండింగ్ నేనే చేసుకుంటాను, మనిషొద్దు ఫ్యానొద్దు, ఆర్డరు మాత్రం బయటికి పోనివ్వకండి అన్నారు, మీతో చెప్పలేదా.

చెప్పలేదు, మెట్ల మీద ఆగి ఫోను పట్టుకుంటే నటన అనుకున్నాను, నిజంగానే మాట్లాడాడన్నమాట, ఒక్కో మెట్టుకీ ఊపిరి ఎగబీల్చుకుంటూ తన కూలి దగ్గర తనే సున్నా పెట్టించుకున్నాడు, ఎంత పాపిష్టి మంచితనం, సంతకం పెట్టండమ్మా అంటున్నాడు కమలాకర్, కాగితం లాక్కుని సంచిలో కుక్కాను, మా ఆయన మాట చెల్లదు అన్నాను, లేచాను, ఏం లాభం, నేను కృష్ణానగర్ దాటకముందే వీళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటారు, మా రేటు తక్కువ కావడం ఇన్నేళ్ళూ మా పనితనం అనుకున్నాను, సిగ్గులేకుండా అదంతా దేవుడి దయ అని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాను, కాగితం మీద కొట్టేసినంత మాత్రాన ఖర్చు పోతుందా, ఎవరి ఒంట్లోంచో వసూలవుతుంది, తరుగు అంటే ఏంటమ్మా అని అడిగితే చెవి విరిగిన సింహం అని చెప్పాను, తప్పు చెప్పాను కమలాకర్ గారూ, తరుగు అంటే మా రాబర్ట్.