నాలో దొరికిన లోపం

నేను ఒక స్టాండును. భుజం మీద పెట్టుకుని పేల్చే చిన్న క్షిపణులు కొన్ని ఉంటాయి. తక్కువ ఎత్తులో వచ్చే విమానాన్ని అవి పడగొడతాయి. కానీ మనిషి భుజం నిలకడగా ఉండదు. ఊపిరికి కదులుతుంది, భయానికి ఇంకా కదులుతుంది. అందుకని నన్ను చేశారు. మూడు కాళ్లు, వాటి మీద చుట్టూ తిరిగే ఇరుసు, ఒక సీటు, అటూ ఇటూ రెండు క్షిపణి గొట్టాలు. సీట్లో కూర్చున్నవాడు నన్ను ఆకాశం వైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కుతాడు. నా పని మోయడం, తిరగడం. అంతే.

ఫ్యాక్టరీలో ముగ్గురు నన్ను తనిఖీ చేసి సంతకాలు పెట్టారు. ముగ్గురిలో ఒక్కడూ సీట్లో కూర్చోలేదు. మొదట ఒక కొండ స్థావరానికి పంపారు. అక్కడ నాలుగేళ్లు టార్పాలిన్ కింద ఉన్నాను. పెద్ద అధికారులు వచ్చినప్పుడు టార్పాలిన్ తీసేవాళ్లు. వాళ్లు నా పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లేవాళ్లు. శత్రువు మాత్రం రాలేదు. రానందుకు ఎవరూ సంతోషించినట్టు కనిపించలేదు.

ఆ తరువాత ఇద్దరు తెలుగువాళ్ల చేతికి వచ్చాను. హవల్దార్ కోరాడ లక్ష్మునాయుడు ఆజ్ఞ ఇచ్చేవాడు. నాయక్ బమ్మిడి పోలారావు సీట్లో కూర్చుని పేల్చేవాడు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు. ఆజ్ఞలన్నీ పటాలంలో అందరూ వాడే హిందీ, ఇంగ్లీషు మాటల్లోనే ఇవ్వాలని రూలు. ఆ మాటలు పోలారావు చెవిలో పడి, అర్థమై, వేలికి దిగేసరికి ఆలస్యమయ్యేది. మిగతా జట్లు నవ్వేవి.

ఒకరోజు లక్ష్మునాయుడికి విసుగొచ్చింది. "ఒరే పోలా, నీకు అర్థమయ్యీలోగా ఇమానం దిగిపోయి టీ తాగి ఎల్లిపోతాది. ఇకనించి నాను 'వెయ్' అంతాను. నువ్వు ఏసెయ్. అంతే."

"ఇది ముందే సెప్పొచ్చు గదా గురూ! తిట్టీటప్పుడు తెలుగే గదా వాడతావు," అన్నాడు పోలారావు.

నెల తిరక్కుండా పటాలంలో అందరికన్నా వేగంగా పేల్చే జట్టు మాదే అయింది. కప్పు ఇచ్చారు. ఎలా సాధ్యమైందని ఎవరూ అడగలేదు. గెలిచినవాణ్ణి అడగరు.

ఆ ఏడాది సముద్రం ఒడ్డున అసలు క్షిపణులతో అభ్యాసం జరిగింది. మనిషి లేని చిన్న విమానం ఒకటి వేడి మంట వెలిగించుకుని ఎగురుతుంది. క్షిపణి ఆ వేడిని వెతుక్కుంటూ పోవాలి. నీళ్లలో చేపల పడవలు అడ్డం లేవని చూసి వెళ్లిపోయిన మన హెలికాప్టర్, ఎక్కడో ఒక వల కనిపించిందని మళ్లీ వెనక్కి వచ్చింది. పరిశీలన గోపురం నుంచి ఫోన్ వచ్చింది. లక్ష్మునాయుడు రిసీవర్ చెవికి పెట్టుకుని, అందులో విన్న ఇంగ్లీషు మాటనే గట్టిగా అరిచాడు.

"వెయిట్! వెయిట్!"

గాలి హోరులో చివరి అక్షరం పోయింది. పోలారావుకు "వెయ్" అనే వినిపించింది. నొక్కాడు.

మంట కన్నా హెలికాప్టర్ ఇంజన్ దగ్గరగా ఉంది, అదీ వేడిగానే ఉంది. క్షిపణి అటే పోయింది. పైలట్‌ను ఈదుకుంటూ ఉండగా పట్టుకొచ్చారు. పక్క సీట్లో ఉన్న కెప్టెన్ వకుళను మర్నాడు తెచ్చారు.

విచారణకు ముందు ఇద్దరూ నా దగ్గరే నిలబడి మాట్లాడుకున్నారు.

"నాను 'వెయిట్' అన్నాను రా."

"నాకు 'వెయ్' అనే ఇనబడింది గురూ. నేర్పింది నువ్వే గదా."

"ఆ మాట సెప్తే ఇద్దరి యూనిఫామూ పోతాది." లక్ష్మునాయుడు నా ఇరుసు మీద చెయ్యి వేశాడు. "ఇది బిగుసుకుపోయింది. నువ్వు బలంగా తోశావు. జారింది. ఏలు ట్రిగ్గర్ మీద పడ్డాది. తెలిసిందా?"

పోలారావు తల ఊపాడు. విచారణలో ఇద్దరూ అదే చెప్పారు. ఇరుసులో లోపం అని రాసుకున్నారు. నన్ను తిప్పి చూడలేదు. లోపం ఇనుములో దొరికితే అధికారులకు కూడా హాయి. నన్ను తుక్కు సామాను యార్డుకు తోశారు.

కొన్ని నెలలకు వకుళ భర్త వచ్చాడు. పేరు చెన్నకేశవులు, మదనపల్లెలో కాలేజీ లెక్చరర్. తన భార్యను చంపిన యంత్రాన్ని చూడాలని అర్జీ మీద అర్జీ పెట్టాడట. తెలుగు మనిషి వస్తున్నాడని యార్డు గుమస్తా ఒక తెలుగువాణ్ణి తోడిచ్చాడు. ఎవర్ని ఇస్తున్నాడో చూసుకోలేదు.

"ఇదేనా?"

"ఇదేనండి," అన్నాడు పోలారావు.

చెన్నకేశవులు నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తరువాత వచ్చి నా సీట్లో కూర్చున్నాడు. పిడి పట్టుకుని ఎడమకు తోశాడు. తిరిగాను. కుడికి తోశాడు. తిరిగాను. ఎండలో, వానలో పడి ఉన్నా ఎక్కడా బిగుసుకోలేదు, జారలేదు. నాకు నోరు లేదు. చెప్పగలిగింది అదొక్కటే.

"బాగానే తిరగతాంది కదప్పా," అన్నాడు ఆయన.

పోలారావు నా కాళ్ల వైపు చూశాడు.

"నీ పేరేంది?"

చెప్పాడు. ఆ పేరు ఆయన విచారణ కాగితాల్లో చదివి ఉన్నాడు. సీట్లోంచి లేవలేదు. ఎదురు చూశాడు. అప్పుడు పోలారావు అంతా చెప్పాడు. కప్పు సంగతి కూడా చెప్పాడు.

"రాసియ్యి."

"రాస్తే ఉద్యోగం పోతాదండి. ఇద్దరిదీని."

"రాసియ్యప్పా."

ఆయన సంచిలోంచి కాగితం, పెన్ను తీశాడు. పోలారావు కాగితాన్ని నా సీటు మీద పెట్టుకుని, వంగి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. సంతకం పెట్టాడు. అడగకపోయినా కింద ఊరి పేరు, మండలం, జిల్లా కూడా రాశాడు, బడిలో నేర్పినట్టు. చెన్నకేశవులు రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను క్షమించండి సార్."

"నేనెవర్ని నిన్ను క్షమించేకి? ఆమె ఉంటే అడుగుదువు."

ఆయన వెళ్లిపోయాడు. పోలారావు నా కాలికి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. వాడి బరువు మోశాను. మోయడం నా పని. వాడి మీద జాలి పడటం నా పని కాదు.