బయటి గడియ

మేం పనిచేసిన మిల్లును ఇళ్లుగా చేసి అమ్ముతున్నారు. బస్టాపు దగ్గర నిలువెత్తు బోర్డు పెట్టారు: "పాత మిల్లు అందం, కొత్త జీవితం. మూడో అంతస్తులో ఒకే ఒక్క లాఫ్ట్ అపార్ట్‌మెంట్." పక్కన ఫోటో. ఎత్తైన కిటికీలు, ఎర్ర ఇటుక గోడ, తెల్ల సోఫా. ఆ సోఫా వేసిన చోటే మా అక్క దొరికింది. వేలి ఉంగరాన్ని బట్టి పోల్చుకున్నాం.

అది కండెలకు నూలు చుట్టే గది. తొమ్మిదేళ్ల కిందట అందులో నిప్పంటుకుని, ఆ షిఫ్టులో ఉన్న పద్నాలుగు మంది ఆడవాళ్లూ చనిపోయారు. ఆ రోజు నాకు జ్వరమొచ్చి పనికి పోలేదు. విచారణ అధికారి ఏం రాశాడో తెలుసా? కబుర్లు చెప్పుకోడానికి వాళ్లే లోపల గడియ పెట్టుకున్నారట. తలుపేదయ్యా అంటే, కాలిపోతే పాత ఇనుముకు వేసేశామన్నారు. చచ్చినవాళ్ల మీదే నేరం మోపి ఫైలు మూసేశారు. తొమ్మిదేళ్లుగా మేం కొట్లాడుతున్నది ఒక్క మాట కోసం. గడియ లోపల లేదు, బయట ఉంది.

మా సంఘం కార్యదర్శిని అందరం పొడుగక్క అంటాం. ఆమె బోర్డు ముందు ఆగి ఫోటోలో ఒక మూల వేలు పెట్టింది.

"ఇదేంటో చూడవే."

ఇనప తలుపు. రంగు కింద మా సెక్షన్ నంబరు ఇంకా కనిపిస్తోంది. తలుపు లేదని అబద్ధమాడిన యజమాని ఆ సంగతి ఇల్లు అలంకరించేవాళ్లకు చెప్పడం మర్చిపోయాడు. వాళ్లేమో తలుపు ముచ్చటగా ఉందని తోమి మెరుగు పెట్టారు.

ఆదివారం ఎవరైనా వచ్చి ఇల్లు చూడొచ్చన్నారు. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని పదకొండు మందిమి వెళ్లాం. మా బావ కూడా వచ్చాడు. మిల్లులో ఫిట్టరు ఆయన. అక్క పోయాక ఒక్క మీటింగుకీ రాలేదు. దుఃఖంలో ఉన్నాడులే అని మేమూ వదిలేశాం.

అమ్మకాల అమ్మాయి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "అందరూ ఒకే ఇంటికా?"

"ఉమ్మడి కుటుంబమమ్మా," అంది పొడుగక్క. "ఈ గదిలో నలభై మందిమి సర్దుకున్నాం. ఇప్పుడు భార్యాభర్తలిద్దరికి సరిపోతుందంటగా."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. పాపం, తన పాఠం తాను చెప్పుకుపోయింది. "తలుపు అసలుదేనండి, ఫ్రేముతో సహా. ఒక్క బోల్టూ మార్చలేదు. లోపల గడియ ఎప్పుడూ లేదు, కావాలంటే పెట్టిస్తాం."

"ఆ మాట ఇంకోసారి చెప్పు తల్లీ," అని పొడుగక్క ఫోన్ ఎత్తి పట్టింది.

లోపలి వైపు చూశాం. నున్నటి రేకు. గడియ పెట్టిన గుర్తు కాదు కదా, స్క్రూ దిగిన చిల్లు కూడా లేదు. బయట మాత్రం మూరెడు గడియ. బావ దాని ముందు మోకాళ్ల మీద కూలబడి, అతుకు మీద బొటనవేలు పెట్టాడు.

"ఇది నా వెల్డింగే."

బొటనవేలు తియ్యకుండానే చెప్పాడు.

"ఊరికే బయటికి పోతున్నారు, గడియ పెట్టమన్నాడు మేనేజరు. యజమాని పక్కనే ఉన్నాడు. పెట్టాను. వారం తిరగలేదు."

నేను బావను కొట్టాను. చెంప మీద, మెడ మీద, ఎక్కడ తగిలితే అక్కడ. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఇన్నేళ్లూ నోరెందుకు మూసుకున్నావు?"

"నోరు తెరిస్తే కేసు నా మీదే పెడతామన్నారు. పిల్లకి తల్లి లేదు, నేనూ పోతే ఎట్లా అని. భయపడ్డానమ్మా. అంతే."

మాతో వచ్చినవాళ్లలో ఆ మంటల్లోనే కూతుర్ని పోగొట్టుకున్న పెద్దమ్మ గోడకు ఆనుకుంది. "వీడున్న చోట నేను కూర్చోను."

"కూర్చోవద్దు," అంది పొడుగక్క. "కానీ పెట్టిన చెయ్యి ఇతనిది, పెట్టమన్న నోళ్లు వేరే ఉన్నాయి. వాళ్ల పేర్లు చెప్తావా, అందరూ వినేటట్టు?"

"చెప్తా."

చెప్పాడు. ఫోన్ ముందు, నెమ్మదిగా, పేర్లతో సహా. ఈలోగా కబురందుకుని యజమాని కొడుకు వచ్చాడు. పక్క ఇంట్లో పని చేస్తున్న కూలీలను పిలిచి, తలుపు కోసి కిందికి దించమన్నాడు. బావ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మేమూ కొంచెం ఎడంగా కూర్చున్నాం.

గ్యాస్ కట్టరు తెచ్చిన కూలీ మమ్మల్ని చూశాడు. "ఎంతమంది పోయారు?"

"పద్నాలుగు."

"మమ్మల్నీ కింద గోడౌన్లో పెట్టి బయట తాళం వేస్తారు. సిమెంటు ఎత్తుకుపోతామంట." కట్టరు నేల మీద పెట్టి మా పక్కన చతికిలబడ్డాడు. తక్కినవాళ్లూ వచ్చి కూర్చున్నారు.

పోలీసులు వచ్చారు. గడియ పెట్టానని ఒప్పుకున్నావుగా, పద అన్నారు. పద్నాలుగు చావులకు తొమ్మిదేళ్లలో జరిగిన మొదటి అరెస్టు అది. నిజం చెప్పినవాణ్ణి తీసుకుపోయారు. మెట్ల దగ్గర బావ వెనక్కి తిరిగాడు.

"పిల్లకి నువ్వే చెప్పమ్మా. ఇంకొకళ్ల నోట వినకూడదు."

నా గుండె అందుకు ఒప్పుకోలేదు. కానీ తలుపు దగ్గర ఆయన చోటు ఖాళీ అయింది. వెళ్లి అక్కడ కూర్చున్నాను. క్షమించి కాదు. ఆ తలుపు కదలకూడదు. పెద్దమ్మ ఏడుస్తూనే వచ్చి నా పక్కన సర్దుకుంది.

సాయంత్రం తలుపు దగ్గర మిగతావాళ్లను ఉంచి, ఇంటికెళ్లి పిల్లకు చెప్పాను. పదో తరగతి చదువుతోంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే నా వెంట వచ్చింది. పొడుగక్క ఫోన్లో తీసింది చూసి వచ్చిన మిల్లు వాళ్లు, కూలీలు, పిల్లతో చదివే స్కూలు పిల్లలు వాకిట్లో, మెట్ల మీద నిండిపోయి ఉన్నారు. అందరూ దారి ఇచ్చారు. పిల్ల గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, లోపలి వైపు రేకు మీద రెండు అరచేతులూ ఆనించింది. పైనుంచి కింది దాకా తడిమింది. గడియ కోసం వెతికింది.

తర్వాత తలుపు బార్లా తెరిచి, వచ్చి మా మధ్య కూర్చుంది.