పిండి ముద్ద మీద మేక

ఆంజనేయప్రసాద్ నా భార్యను దొంగ అన్నాడు. తప్పని తేలిన తర్వాత కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు తీసుకున్నా వినేవాళ్ళు లేరు.

ఆయనది విజయవాడ. కువైట్‌లో, సాల్మియాలో ఉండే ఇంజనీరు. నా భార్య అంకాలమ్మ ఆ ఇంట్లో పని చేసేది. ఆయన యాభయ్యో పుట్టినరోజుకు భార్య జ్ఞానప్రసూన ఒక చెక్కుడు రాయి తెప్పించి ఇచ్చింది. ఎర్ర అకీక్, ఉంగరాల్లో పొదిగే రకం. రెండు వేల ఏళ్ళ నాటిదట.

నెల తిరక్కముందే, ఒక శుక్రవారం పొద్దున, నన్ను రమ్మని ఫోన్ చేశారు. సులైబియాలో నేను పనిచేసే సిమెంటు ఇటుకల యార్డు నుంచి వెళ్ళాను. అంకాలమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది.

“రాయి మార్చేసినానంట నేను,” అంది.

“తీసినావా?” అని అడిగాను.

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని పక్కకు జరిగింది.

ప్రసాద్ బల్ల మీద ఒక కాగితం పరిచాడు. “రాయితో వచ్చిన కాగితం ఇది. ఫోటోలో మేక ఎడమవైపు చూస్తోంది. మరి ఈ రాయిలో? కుడివైపు. రాత్రికి రాత్రి మేక ఇటు తిరిగిందంటావా? సాయంత్రం లోపు అసలు రాయి రాకపోతే పోలీసులకు చెప్తాను. మీ ఇద్దరి ఇఖామాలూ పోతాయి, ఇక ఈ దేశంలో ఉండనివ్వరు.”

“ఒకసారి చేతికిస్తారా సార్?”

“ఎందుకు? దీన్ని కూడా మార్చేస్తావా?”

“ఇవ్వండీ, మన కళ్ళ ముందే కదా,” అంది జ్ఞానప్రసూన.

నేను ఊళ్ళో ఐదు వరకే చదివాను. ఆ తర్వాత ఇటుకల బట్టీలో అచ్చు పలకలు చెక్కాను. యజమాని పేరు చెక్క మీద తిరగేసి చెక్కాలి. అప్పుడే ఇటుక మీద సరిగ్గా పడుతుంది. తిరగేసిన పని నా కంటికి దాగదు.

రాయి చింతగింజలో సగం లేదు. అందులో ఒక మేక ముందుకాళ్ళు పొదకు ఆనించి, లేచి నిలబడి ఆకు అందుకుంటోంది. గడ్డం ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అకీక్‌ను ఉలి కోయదు. గట్టి పొడి వేసి, సూది మొనంత కడ్డీ తిప్పుతూ అరగదీయాలి. ఒక్క తిప్పు ఎక్కువైతే మేకకు ముక్కు ఉండదు. దీన్ని చెక్కినవాడు పొట్ట దగ్గర లోతుగా తవ్వాడు, గడ్డం దగ్గర గీత గీసి వదిలేశాడు. అచ్చులో పొట్ట ఉబ్బాలని వాడికి తెలుసు. గుంట తవ్వుతూ గుట్టను చూసినవాడు. ఇది చూసుకునే రాయి కాదు, నొక్కి ముద్ర వేసే రాయి.

“అమ్మా, చపాతీ పిండి నిమ్మకాయంత ఇయ్యండి.”

ఇచ్చింది. మెత్తగా ఉంది. పొడి పిండి చల్లి మళ్ళీ పిసికాను. రాతికి నూనె రాసి, ముద్ద మీద నొక్కి తీశాను.

మేక పైకి లేచింది. ఎడమవైపు చూస్తోంది. ఫోటోలో చెవి దగ్గర చిన్న పెచ్చు ఉంది. పిండి మీదా అదే చోట ఉంది.

“మీ ఫోటో రాయిది కాదు సార్. అచ్చుది.”

జ్ఞానప్రసూన కాగితం లాక్కుని చదివింది. “ముద్ర ఫోటో అని కింద రాసే ఉందండీ. ఇంత చదువు చదివి, ఈ ఒక్క లైను చదవలేకపోయారా?”

ప్రసాద్ పగలబడి నవ్వాడు. “భలేవాడివయ్యా నాగన్నా! ఇంకో ముద్ద నొక్కు, ఫోటో తీసుకుంటా.” అంకాలమ్మ వైపు చూడకుండానే, “రేపు మామూలుగానే వచ్చెయ్,” అన్నాడు. అంతే.

రెండో ముద్ద నొక్కాను. గర్వంగానే నొక్కాను.

బస్‌స్టాపులో ఆమె నీడకు నిలబడింది.

“బలే తేల్చినా కదా?” అన్నాను.

“తేల్చినావు.”

“మళ్ళా ఏమి ఆ మొగం?”

“ఆయప్ప పరాయోడు, అడిగినాడు. తీసినావా అని నువ్వెందుకు అడిగితివి?”

బస్సు వచ్చింది. ఎక్కాము.

ఆమె ఆ ఇంటికి మళ్ళీ పోలేదు. వేరే ఇళ్ళలో చేసింది. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. నేనూ బదులు చెప్పలేదు. మరుసటి ఎండాకాలం గుండె ఆగి పోయింది.

ఒకసారి చెప్పాను. ఇక ఎవరు అడిగినా ఈ సంగతి నా నోట రాదు.