వెలిసిన పగడాలు

"ఈసారి గట్టి రంగు వెయ్యవే అమ్మాయ్. నీ పెళ్లప్పుడు వేసినవాడు నాసిరకం వేసి చచ్చాడు," అంది అత్తగారు, పగడాల దండ పెద్దకోడలి ఒళ్లో పడేస్తూ. ఎల్లుండి చిన్నకొడుకు పెళ్లి. దండ ఇప్పుడు కొత్తకోడలి మెడలోకి వెళ్లాలి.

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. తన నోట ఏం జారిందో ఆవిడకే తెలియదు. పెద్దకోడలి చేతిలో సూది మాత్రం పూసలో సగం దూరి అలాగే ఆగిపోయింది.

పన్నెండేళ్లు! పెళ్లయిన ఏడాదికే దండ పాలిపోతే ఎన్నెన్ని మాటలు పడింది! "మూడు తరాల అసలు పగడాలు. దీని ఒంటి వేడికి తట్టుకోలేదు," అంటూ వచ్చినవాళ్లందరికీ దండ తీసి చూపించేది అత్తగారు. మొదటి కడుపు నిలవనప్పుడూ అదే పాట. "పగడమే నిలవని ఒంట్లో బిడ్డేం నిలుస్తుంది?" మొగుడు పేపరులోంచి తలెత్తకుండా "పోనీలే అమ్మా" అన్నాడు. అత్తగారి మాటే ఆమె నమ్మింది. అదే ఇప్పుడు ఎక్కువ మండుతోంది. తన ఒళ్లే పాపిష్టిదనుకుని చలికాలంలో కూడా చన్నీళ్లు పోసుకుంది, దండని పాతచీర ముక్కలో చుట్టి అత్తగారి నగలపెట్టెలో దాచేసింది.

పైగా ఆమె చేసే పనే అది. ఇంటి ముందరే ఉన్న మొగుడి పూసల కొట్టు వెనక గదిలో పూసలకు రంగు పట్టించేదీ ఆమే, బయటి సరుకు పరీక్షించేదీ ఆమే. గోళ్లరంగు చెరిపే మందులో దూది ముంచి రుద్దితే చాలు, రంగేసిన పూస ఇట్టే దొరికిపోతుంది. మొగుడు మాత్రం కొనేవాళ్లతో, "ఇంట్లో తోచక వచ్చి కూర్చుంటుందిలెండి," అంటాడు. ఊళ్లోవాళ్ల పూసల గుట్టంతా విప్పిన మనిషి తన దండని ఒక్కనాడూ రుద్ది చూసుకోలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

ఇప్పుడు రుద్దింది. దూది గులాబీ రంగుకి తిరిగింది. కూర్చున్నచోటే కాసేపు ఏడ్చింది. కొత్తగా వచ్చే ఆ పిల్లకి ఇంకా ఈ ఇంట్లో వంటగది ఎటుందో కూడా తెలియదు. కళ్లు తుడుచుకుని, మందు సీసా మొత్తం గిన్నెలో ఒంపి, దండని అందులో ముంచి మూత పెట్టింది.

సాయంత్రం అత్తగారు నగలపెట్టె తెరిచింది. లోపల సున్నమంత తెల్లటి పూసలు.

"ఇదేమిటే? రంగు వెయ్యమంటే!"

"ఉన్నది కూడా తీసేశానత్తయ్యా," అంది పెద్దకోడలు, ఎర్రబడిన వేళ్లు తుడుచుకుంటూ. "ఇక ఎవరి ఒంటి మీదా వెలిసిపోదు."